సగం గొడుగు ఎవరి పద్దులో?

ఈ సంగతి రాయడానికి ఇది నా మూడో ప్రయత్నం. మొదటి రెండు సార్లూ గొడుగు దాకా వచ్చేసరికి నవ్వు పట్టలేక కలం పక్కన పెట్టవలసి వచ్చింది. పద్దులు రాసేవాడికి నవ్వు తగదని నమ్మి ముప్పై నాలుగు సంవత్సరాలు పనిచేసినవాణ్ణి నేను. కనుక ఈసారి తేదీల వారీగా, అంకెల వారీగా వెళతాను. తేదీలను పట్టుకుని నడిచేవాడు దారి తప్పడని నా నమ్మకం. ఆ నమ్మకం ఒకసారి నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివారికి చెప్పడమే నా ఉద్దేశం.

బెంగళూరు బళేపేటలో ఒక టోకు బట్టల వ్యాపారి దగ్గర లెక్కలు రాసి, అరవయ్యో ఏట విశ్రాంతి తీసుకున్నాను. ఆ విశ్రాంతి సరిగ్గా పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజు, జయనగరలో మూడో అంతస్తులో నడిచే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ యజమాని మా ఇంటికి వచ్చాడు. ఆంధ్ర నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవాడు, ముప్పై అయిదేళ్ళ మనిషి. ఇంటి ఖర్చులను ఫోనులో తెలుగులోనూ కన్నడలోనూ రాసుకునే సాఫ్ట్‌వేరు తయారు చేస్తున్నానన్నాడు.

"కంప్యూటర్ తెలిసినవాళ్ళు నా దగ్గర ఎనిమిది మంది ఉన్నారు సార్. లెక్క తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మీరొచ్చి తప్పులు పట్టుకుంటే చాలు, ఇంకేం చెయ్యక్కర్లేదు."

జీతమిచ్చి తప్పులు పట్టమనే యజమాని నాకు అంతవరకు తగల్లేదు. మరునాడే చేరాను. పరీక్షకుడు అని పదవి. నా సంతకం లేనిదే ఏ కొత్త సదుపాయమూ బయటికి పోకూడదని షరతు పెట్టాను, ఆయన ఒప్పుకున్నాడు. అందుకు తరువాత ఎంత చింతించాడో మీరే చూస్తారు.

మే నెల చివరి వారంలో మా సాఫ్ట్‌వేరుకు 'స్ప్లిట్' అనే సదుపాయం వచ్చింది. అదేమిటో రెండు మాటల్లో చెబుతాను. మీరు అంగడికి వెళ్ళి బియ్యం, సబ్బులు, పిల్లవాడికి జామెట్రీ బాక్సు, ఎవరి గృహప్రవేశానికో ఒక స్టీలు డబ్బా కొన్నారు. బిల్లు ఒక్కటే. దాన్ని మొత్తంగా 'కిరాణా' అని రాస్తే అది లెక్క కాదు, కథ. బిల్లును వరుసలుగా విడగొట్టి బియ్యాన్ని తిండి పద్దులో, డబ్బాను కానుకల పద్దులో, ఇలా దేనిది దానిలో రాయాలి. వరుసల కూడిక బిల్లు మొత్తానికి పైసాతో సహా సరిపోవాలి. ఇంతే. వినడానికి చిన్నపని. చేసి చూస్తే మనిషి స్వభావమంతా అందులో బయటపడుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఊహించిన బిల్లులు పనికిరావని నిశ్చయించాను. ఊహించిన బిల్లులన్నీ గుండ్రంగా ఉంటాయి. మనుషుల ఖర్చులు అలా ఉండవు. జూన్ ఒకటో తేదీ నుంచి ఆఫీసులోని తొమ్మిది మందీ తమ తమ నిజమైన ఖర్చులను సాఫ్ట్‌వేరులో రాయాలనీ, ప్రతి సోమవారం ఉదయం ఆ బిల్లుల కాగితాలు నాకు ఇవ్వాలనీ నియమం పెట్టాను. ఒక్కొక్కరికి ఒక పుస్తకం, ఒక నంబరు. కాగితాన్నీ పుస్తకాన్నీ నేను సరిచూస్తాను.

"సార్, నిన్న క్షవరం చేయించుకుంటిని. వాడు బిల్లు ఇయ్యలేదు. వెంట్రుకలు తెచ్చేదా?" అని అడిగాడు మా ప్రోగ్రామరు.

"క్షురకుడి సంతకం తీసుకురా అప్పా," అన్నాను.

అందరూ నవ్వారు. అతను మరునాడు నిజంగానే తెచ్చాడు. వార్తాపత్రిక అంచు మీద, సబ్బు నురుగు మరకతో సహా.

ఈ ప్రోగ్రామరు బెంగళూరు పక్కన హొసకోటె వాడు. తాతల కాలం నుంచి అక్కడ ఉన్న తెలుగు కుటుంబం. ఇరవై ఎనిమిదేళ్ళు. పని చేసేటప్పుడు కాలు ఊపుతాడు, అది తప్ప వేరే లోపం నేను గుర్తించలేదు. అతని పక్క బల్ల మా యజమాని చెల్లెలిది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. ఫోను తెర మీద ఏది ఎక్కడ ఉండాలో గీసేది ఆమె. నేను పెట్టిన నియమాన్ని మారుమాట లేకుండా అంగీకరించిన ఒకే ఒక్క మనిషి. 'ఖర్చు రాయకపోతే అబద్ధం ఆడినట్టే కదా సార్' అన్నది. ఆ రోజు నుంచీ నాకు ఆమె మీద ప్రత్యేక గౌరవం. అతని పుస్తకం నంబరు నాలుగు. ఆమెది ఏడు.

ఇక తేదీలకు వస్తాను.

జూన్ మూడో తేదీ సోమవారం. నాలుగో పుస్తకంలో, ముందురోజు ఆదివారం, దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే హోటల్లో, టిఫిను తొంభై ఒక్క రూపాయలు. అతను ఇచ్చిన బిల్లు కాగితంలో నూట ఎనభై రెండు. సగం మాయమైంది. పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకు పోయాను. ఏడో పుస్తకానికి వచ్చేసరికి, అదే ఆదివారం, అదే దర్శిని, తొంభై ఒక్క రూపాయలు. కాగితం లేదు.

రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకరి పుస్తకంలో తగ్గినది మరొకరి పుస్తకంలో తేలింది. నేను వెంటనే ఎవరినీ అడగలేదు. మనుషులను అడిగితే మాటలు వస్తాయి. నాకు కావలసింది పునరావృతి. ఒకసారి జరిగితే పొరపాటు, ఏడుసార్లు జరిగితే లోపం అని నా పాత పద్ధతి.

జూన్ తొమ్మిది ఆదివారం. టిఫిను. కాగితం రెండు వందల నలభై ఏడు. నాలుగో పుస్తకంలో నూట ఇరవై నాలుగు, ఏడో పుస్తకంలో నూట ఇరవై మూడు.

జూన్ పదహారు. సినిమా. కాగితం అయిదు వందల అరవై. చెరి రెండు వందల ఎనభై.

జూన్ ఇరవై మూడు. నర్సరీలో కుండీతో సహా ఒక మల్లెమొక్క, నూట అరవై అయిదు. నాలుగులో ఎనభై మూడు, ఏడులో ఎనభై రెండు.

జూన్ ముప్పై. ఒక గొడుగు. మూడు వందల డెబ్బై అయిదు. నూట ఎనభై ఎనిమిది, నూట ఎనభై ఏడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఆనాటి నా నోటుపుస్తకం ఇప్పుడు ఎదురుగా ఉంది. గొడుగు వరుస పక్కన ఎర్ర సిరాతో నేను రాసుకున్న మాటలు ఇవి: 'వస్తువు అవిభాజ్యము. అయినను సాఫ్ట్‌వేరు దానిని విభజించినది. తీవ్రత గమనార్హము.' ఎర్ర సిరాతో! కింద గీత కూడా గీశాను!

సరే. జూలై ఏడు. ఐస్‌క్రీము, నూట నలభై, చెరి డెబ్బై. జూలై పద్నాలుగు. బళేపేటలో గాజులు, రెండు వందల అరవై అయిదు. నూట ముప్పై మూడు, నూట ముప్పై రెండు.

ఏడు ఆదివారాలు, ఏడు బిల్లులు, మొత్తం వెయ్యిన్నీ తొమ్మిది వందల ముప్పై నాలుగు రూపాయలు. నాలుగో పుస్తకంలో తొమ్మిది వందల అరవై తొమ్మిది, ఏడో పుస్తకంలో తొమ్మిది వందల అరవై అయిదు. బేసి బిల్లులు నాలుగు. నాలుగింటిలోనూ మిగిలిన రూపాయి నాలుగో పుస్తకంలోనే పడింది. ఆ రూపాయి దగ్గర నేను చాలాసేపు ఆలోచించాను. యంత్రం తప్పు చేస్తే రూపాయి ఒకసారి ఇటు, ఒకసారి అటు పడాలి. ఎప్పుడూ ఒకవైపే పడుతోందంటే లోపం చాలా లోతుగా ఉన్నదని తేల్చుకున్నాను. లోతుగా ఉన్నదన్నంతవరకు నా నిర్ణయం సరి అయినదే.

జూలై పదిహేను సోమవారం ఉదయం పది గంటలకు నేరుగా ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆమె వెనుకనే యజమాని నిలబడి ఏదో తెర చూస్తున్నాడు.

"అమ్మా, మీ పుస్తకంలో ఏడు ఆదివారాల ఖర్చులున్నాయి. ఒక్కదానికీ కాగితం లేదు. ఇవి ఎక్కడి నుంచి వచ్చినాయి?"

ఆమె ఒకసారి అన్న వైపు చూసింది. ఒకసారి పక్క బల్ల వైపు చూసింది.

"నాకు తెలీదు సార్," అన్నది. "సాఫ్ట్‌వేర్‌లో ఏదో… దానంతట అదే వస్తోందేమో."

పక్క బల్ల కింద ఊగుతున్న కాలు ఆగిపోయింది. "అవును సార్," అన్నాడు ప్రోగ్రామరు. "స్ప్లిట్ కొట్టినప్పుడు ఏదో కలిసిపోతాండాదేమో. ఉండొచ్చు సార్."

ప్రోగ్రాము రాసిన మనిషే 'ఉండొచ్చు' అన్న తరువాత నాకు ఇంకేం కావాలి? లోప నివేదిక నంబరు నలభై ఒకటి. 'ఒకరి ఖర్చు మరొకరి పుస్తకంలోకి ప్రవహించుచున్నది. తీవ్రత: ఒకటి.' పదిన్నరకు యజమాని చేతిలో పెట్టాను.

ఆయన చదివి కుర్చీలో కూర్చుండిపోయాడు. "సార్, ఒకళ్ళ డబ్బులు ఇంకొకళ్ళ ఎకౌంట్‌లో కనిపిస్తే మనం షట్టర్ వేసుకోవడమే సార్. అదీ ఈ వారమా?"

ఈ వారం అనడానికి కారణం ఉంది. జిగణిలోని ఒక కర్మాగారం కార్మికుల పరపతి సంఘం తన సభ్యులందరికీ మా సాఫ్ట్‌వేరు కొనాలని అనుకుంటోంది. సంఘం కార్యదర్శి శుక్రవారం, జూలై పంతొమ్మిదిన, చూడడానికి వస్తున్నారు. ఆఫీసు అద్దె మూడు నెలలు బాకీ. ఈ ఆర్డరు రాకపోతే నెలాఖరుకు తాళం వేస్తానని యజమాని మా అందరితోనూ చెప్పాడు. తొమ్మిది మంది ఉద్యోగాలు ఆ శుక్రవారం మీద వేలాడుతున్నాయి. సంఘం వారు పరీక్షకుడి ధ్రువపత్రం అడిగారు. ఆ పత్రం మీద నా సంతకం కావాలి.

తరువాతి నాలుగు రోజులు మా ఆఫీసులో జరిగిన వెతుకులాట గురించి ఎంత చెప్పినా తక్కువే. యజమాని, ప్రోగ్రామరు ఒకే కంప్యూటరు ముందు భుజం భుజం కలిపి కూర్చుని ప్రతి వరుసనూ చదివారు. ఆయన "ఇక్కడేనంటావా?" అంటే ఇతను "ఉండదులే సార్" అంటాడు. "మరి ఇక్కడ?" అంటే, "ఇక్కడా ఉండదేమో సార్" అంటాడు. ఇంత నిస్పృహతో తప్పు వెతికే మనిషిని నేనెన్నడూ చూడలేదు. అయినా సిగ్గుతోనో పశ్చాత్తాపంతోనో అతను దెయ్యంలా పనిచేశాడు. లేని తప్పును వెతుకుతూ, ఎవరి కంటా పడకుండా ఉన్న నిజమైన తప్పులు మూడు పట్టుకుని సరిచేశాడు. నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు. నలభై ఒకటి మాత్రం దొరకలేదు.

గురువారం మధ్యాహ్నం అతను నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక మాట చెప్పల్ల."

"లోపం గురించేనా?"

"ఆఁ సార్. దాని గురించే."

"కాగితం ఉందా?"

"కాగితం లేదు సార్. నోటితో చెప్పే సంగతి."

"నోటి మాటలు నాకు ఒంటబట్టవు. రాసి తీసుకురా అప్పా."

అతను వెళ్ళి కూర్చుని ఏదో రాశాడు, చింపాడు. మళ్ళీ రాశాడు, చింపాడు. అయిదు కాగితాలు చింపడం నేను లెక్కపెట్టాను. సాంకేతిక వివరాలు మాటల్లో పెట్టడం కష్టం కాబోలునని జాలిపడి, లేచి వెళ్ళి గీతలున్న కాగితం ఒకటి ఇచ్చి వచ్చాను. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందుంది.

నాలుగు గంటలకు ఆ అమ్మాయి వచ్చింది. "సార్, ఆ ఏడు ఎంట్రీలూ నేను డిలీట్ చేసేస్తాను. అప్పుడు ప్రాబ్లం ఉండదు కదా?"

తుడిచివేయడమా! రాసిన పద్దును ఎందుకు తుడవకూడదో పదిహేను నిమిషాలు ఆమెకు బోధించాను. పద్దు తప్పయితే పక్కన మరో పద్దు రాసి సరిదిద్దాలి, నిజమైతే అది ఎంత కష్టంగా ఉన్నా అలాగే ఉంచాలి అన్నాను. ఆమె తల వంచుకుని విన్నది. చివర, "నిజమైతే ఉంచాలి. అంతేకదా సార్?" అన్నది. అంతే అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నా బోధ ఇంతగా హత్తుకున్నదని నేను లోలోపల పొంగిపోయాను.

శుక్రవారం పదకొండు గంటలకు కార్యదర్శి వచ్చారు. యాభై దాటిన ఆవిడ. బళేపేటలోనే పుట్టి పెరిగిన పాత తెలుగు కుటుంబం అని మాటను బట్టే తెలిసిపోయింది. యజమాని గోడ మీద వెలుగు బొమ్మలు వేసి వివరించడం మొదలుపెట్టాడు. ఆవిడ మూడు నిమిషాలు ఓపిక పట్టారు.

"బొమ్మలు బాగుండాయప్పా. మా సంఘంలో ఉండేదంతా కూలి చేసుకునేవాళ్ళు. వాళ్ళ లెక్క తప్పిందంటే నన్ను రోడ్డులో నిలబెడతారు. దీన్ని పరీక్ష చేసినాయన ఎవరు? ఆయన సంతకం పెట్టినాడా?"

యజమాని నా వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు.

"పెట్టలేదమ్మా," అన్నాను. "పెట్టను."

కార్యదర్శి నా వైపు తిరిగారు.

"ఎందుకని?"

"ఒకరి ఖర్చు మరొకరి పుస్తకంలోకి పోతోంది. నా దగ్గర ఏడు ఆధారాలున్నాయి."

"సార్," అన్నాడు యజమాని.

"సార్, ప్లీజ్ సార్, గోడ మీద మాత్రం వద్దు," అన్నది ఆయన చెల్లెలు.

దాచిపెట్టడం కుదరదని చెప్పి, నా ఏడు వరుసలూ గోడ మీదికి ఎక్కించాను. పేర్లు వేయలేదు, ఆ మర్యాద పాటించాను. నాలుగో పుస్తకం, ఏడో పుస్తకం అని మాత్రమే. ఒక్కొక్క వరుసా తేదీతో, అంకెతో గంభీరంగా చదివాను. టిఫిను సగం. టిఫిను సగం. సినిమా సగం. కార్యదర్శి ముందుకు వంగారు. మల్లెమొక్క సగం. ఆవిడ పెదవులు బిగించారు. గొడుగు సగం.

"ఆ దినం వాన వచ్చిందా?" అని అడిగారు.

నేను నోటుపుస్తకం తిరగేసి చూశాను. "వచ్చిందమ్మా. సాయంత్రం నాలుగు గంటల నుంచి."

"ఒకటే గొడుగా?"

"ఒక్కటే. బిల్లు ప్రకారం."

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. లెక్క తప్పినందుకు ఆగ్రహమేమోనని అనుకున్నాను. ఆఖరు వరుస చదివాను. ఆకుపచ్చ మట్టిగాజులు, రెండు డజన్లు, రెండు-నాలుగు సైజు.

"నాలుగో పుస్తకం ఎవరిది?"

ప్రోగ్రామరును చూపించాను. ఆరడుగుల మనిషి.

"ఏమప్పా, రెండు-నాలుగు సైజు నీ చేతికి పడుతుందా?" అన్నారావిడ. అంతే, ఆపుకోలేక పకపకా నవ్వేశారు. "పెద్దాయనా! ఏడో పుస్తకం ఎవరిదో నన్ను చెప్పనియ్యండి!"

గదిలోని కళ్ళన్నీ ఒకే చోటికి తిరిగాయి. ఆ అమ్మాయి చేతులు వెనక్కి దాచుకోబోయింది, గాజులు గలగలమన్నాయి. సోమవారం నుంచీ ఆ గలగల వింటూనే ఉన్నాను. ఆ చప్పుడుకు నా కూడికలు తప్పుతున్నాయని మంగళవారం ఒకసారి విసుక్కున్నాను కూడా.

అందరికీ అర్థమైపోయింది, ఇద్దరికి తప్ప. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను.

"కానీ మేడమ్, సర్వర్ ఒక్కటే కాబట్టి డేటా కలిసే ఛాన్స్…" అంటున్నాడు యజమాని.

"సర్వరు కాదప్పా, మీ ఇంట్లో చూసుకో!"

ఆయన చెల్లెలు లేచి నిలబడింది. "అన్నయ్యా, బగ్గు లేదు. ఆ సగం నేనే రాశాను. నా ఖర్చు కాబట్టి రాశాను. సోమవారం నువ్వు వెనకాలున్నావని భయపడి సాఫ్ట్‌వేర్ మీదకి తోసేశాను. అబద్ధం అదొక్కటే. మిగతా అన్నీ నిజమే."

"నేను కూడా అబద్ధం చెప్తిని సార్," అంటూ ప్రోగ్రామరు లేచాడు. "పనిలో నుంచి తీసేస్తారని కాదు. మీ ఎదురుగా ఎట్ల చెప్పేదని. తీసేస్తే తీసేయండి, ఈ యమ్మను మాత్రం ఏమీ అనొద్దు."

"ఏంటి ఏమీ అనొద్దు? నా చెల్లెల్ని నేను అంటానో లేదో నువ్వు చెప్తావా?" అని యజమాని గర్జించాడు. ఆర్డరు పోయింది, ఉద్యోగం పోయింది, అన్నాచెల్లెళ్ళ మాటలూ పోతాయేమోనని నాకే భయం వేసింది. ఆయన ప్రోగ్రామరు మీదికి ఒక అడుగు వేశాడు. "నాలుగు రోజులురా! నాలుగు రోజులు నా పక్కన కూర్చుని, ఇక్కడుండదు సార్, అక్కడుండదు సార్ అంటూ… మొత్తం కోడ్ తిరగేయించావు కదరా!"

"ఉండదనే కదా సార్ చెప్తిని," అన్నాడు అతను దీనంగా.

యజమాని నోరు తెరిచాడు. మాటకు బదులు నవ్వు వచ్చింది. ముందు ముక్కులోంచి, తరువాత గొంతులోంచి, ఆ తరువాత ఆయన బల్ల పట్టుకుని వంగిపోయాడు. అది చూసి గది గదంతా పగిలిపోయింది. ఎవరో కుర్చీ తన్నేశారు. నేను మాత్రం నిలబడి గోడ మీది అంకెలను మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. టిఫిను, టిఫిను, సినిమా, మల్లెమొక్క, గొడుగు, ఐస్‌క్రీము, గాజులు. ఏడు వారాలుగా నేను మోసుకు తిరిగిన ఆ వరుసలో ఎంత మంచి సంగతి ఉందో అప్పుడు కనబడింది. అంకెలు అబద్ధం చెప్పవని నేటికీ అంటాను. అవి ప్రతి సోమవారం నిజమే చెప్పాయి. వినడం రానిది నాకు. అరవై దాటిన నేను, జీవితంలో మొదటిసారిగా, ఆఫీసు వేళలో, కళ్ళజోడు తీసి పట్టుకుని నవ్వాను.

"గాజులకు కూడా సగం ఇచ్చినావేమ్మా?" అని అడిగారు కార్యదర్శి, కళ్ళు తుడుచుకుంటూ.

"మొదట్లోనే చెప్పానండి, ఎవరి సగం వాళ్ళదని."

"మరి ఆ రూపాయి?"

"దానికి ప్రతి ఆదివారమూ జగడమే," అన్నాడు ప్రోగ్రామరు. "అది ఒక్కటే నేను గెలిచేది."

యజమాని నీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకుని, చెల్లెలి వైపు తిరిగాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "ఎప్పట్నించి?"

ఆమె నోరు విప్పే లోపలే నేను సమాధానం చెప్పాను. అది నా అలవాటు. "జూన్ రెండు, ఆదివారం, ఉదయం తొమ్మిది నలభై రెండు. బిల్లు మీద సమయం ఉంది."

"కాదు సార్," అన్నది ఆ అమ్మాయి. "అది మొదటి బిల్లు. అంతకు ముందు మే నెలలో నాలుగుసార్లు బండి దగ్గర దోసెలు తిన్నాం. అప్పటికి మీ రూలు రాలేదు."

"నాలుగు కాదు, అయిదు," అన్నాడతను.

"నాలుగే. ఆ రోజు నువ్వు రాలేదు."

"వచ్చినాను. నువ్వు వచ్చేసరికి నేను తినేసి ఉంటిని."

"తేదీలు?" అన్నాను నేను, కలం తీసి.

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. తెలియదన్నారు. అంత ముఖ్యమైన సంగతికి ఇద్దరిలో ఒక్కరి దగ్గరా తేదీ లేదు! ఆ అజ్ఞానంలో వాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి.

"ఇప్పుడు అమ్మకి ఎవరు చెప్తారు?" అన్నాడు యజమాని తల పట్టుకుని.

"ఈ పెద్దాయన్ని పంపప్పా. తేదీలతో సహా చెప్తాడు," అన్నారు కార్యదర్శి. తరువాత నా వైపు తిరిగి, "అంగడి మూతబడుతుందని తెలిసీ ఎవరో తిన్న దోసెకు సంతకం నిలిపిన మనిషిని నేను ఇంతవరకు చూల్లేదు. ఇంత కళ్ళు లేని మనిషిని కూడా చూల్లేదు. మాకు ఈ సాఫ్ట్‌వేరు కావల్ల. దీనితోపాటు మీరూ కావల్ల. ఆ పత్రం ఇటు తెండి," అన్నారు.

ధ్రువపత్రం మీద సంతకం చేశాను. పన్నెండు ఇరవై. ఆర్డరు అదే మధ్యాహ్నం వచ్చింది, అద్దె సోమవారం చెల్లింది. నెలాఖరుకు వేయవలసిన తాళం సొరుగులోనే ఉండిపోయింది. వాళ్ళమ్మ దగ్గరికి నేను నిజంగానే వెళ్ళాను. ఆమె తేదీలేమీ అడగలేదు, అబ్బాయి కాఫీ తాగుతాడా టీ తాగుతాడా అని మాత్రం అడిగింది. నా దగ్గర ఆ వివరం లేదు.

ఆ శుక్రవారం అందరూ మిఠాయి తేవడానికి కిందికి పోయిన తరువాత, ఒక పని మిగిలిపోయింది. తెరిచిన నివేదికను మూయాలి. నలభై ఒకటో నంబరు తీశాను. 'లోపం ఎక్కడ' అన్న చోట 'పరీక్షకునిలో' అని రాశాను. 'సరిచేసినది ఎవరు' అన్న చోట కార్యదర్శి హోదా రాశాను. 'మొదట జరిగిన తేదీ' అన్న గడిలో నేను సోమవారం నిబ్బరంగా రాసిన జూన్ రెండు ఉంది. ఒకే గీతతో దాన్ని కొట్టివేశాను. మే నెల అని రాద్దామనుకున్నాను, అది తేదీ కాదు. నాలుగుసార్లా అయిదుసార్లా అన్నది ఇంకా తేలలేదు. కింద మెట్ల మీద వాళ్ళిద్దరూ దాని మీదే వాదించుకుంటున్నారు, గాజులు వినిపిస్తున్నాయి. చివరకు ఆ గడిలో 'బిల్లు ఇవ్వలేదు' అని రాసి, చిన్న సంతకం పెట్టి, నివేదిక మూసేశాను.